రొయ్యల గుంటల దగ్గర కెమెరాలు, సెన్సర్లు: కరెంటు, డేటా ఒకే వైరులో ఎలా పంపాలి

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు గానీ, అటు కొత్తపట్నం, సింగరాయకొండ వైపు గానీ రొయ్యల గుంటల మీదికి వెళ్తే ఈ మధ్య గట్ల మీద కెమెరాలు బాగానే కనిపిస్తున్నాయి. మేత బస్తాలు, మోటార్లు, రాగి కేబుళ్లు పోకుండా చూసుకోవడానికి కొందరు, అర్ధరాత్రి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో ఇంట్లో పడుకునే చూసుకోవడానికి కొందరు పెట్టించుకుంటున్నారు. సాగు పెద్దదైతే నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లూ దింపుతున్నారు. వీటికి కరెంటు కావాలి, వీటి నుంచి డేటా షెడ్డుకు రావాలి. గట్టు వెంట రెండు వైర్లు లాగడం దండగ కాబట్టి రెండూ ఒకే వైరులో పంపాలని చూస్తారు. పంపొచ్చు. దానికి నాలుగైదు దారులున్నాయి. మీ గుంటకు ఏది సరిపోతుందో షాపులో అడిగితే మాత్రం, వాళ్ల దగ్గర ఏ సరుకుంటే అదే మంచిదంటారు.

ముందు కొలత, తర్వాత కొనుగోలు

మోటారు షెడ్డు నుంచి ప్రతి స్తంభానికి గట్టు వెంట నడిచి దూరం కొలవండి. ఫోన్‌లో మ్యాప్ పెట్టి గీత గీస్తే గుంట మీదుగా అడ్డంగా చూపిస్తుంది. వైరు అలా పోదు, మూల తిరిగి పోతుంది. స్తంభం ఎక్కడానికి, షెడ్డులో గోడ దిగడానికి, రేపు ఒక కొస కోసి మళ్లీ కట్టుకోవడానికి పదో వంతు కలుపుకోండి.

దూరం పక్కనే వాట్లు రాయండి. కెమెరా వెనక లేబుల్ మీద 12 వోల్టులు, 0.5 యాంపియర్ అని ఉంటే రెండూ గుణిస్తే 6 వాట్లు. ఇది రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే, మన కంటికి కనిపించని లైట్లు) వెలిగినప్పటి లెక్క. పగలు అందులో సగం కూడా తీసుకోకపోవచ్చు. ఈ తేడా తెలియకే చాలా చోట్ల గొడవంతా వస్తుంది.

ఈ రెండు అంకెలూ చేతిలో లేకుండా బజారుకు వెళ్లకండి.

12 వోల్టులు ఎక్కడ చచ్చిపోతాయి

అన్నిటికన్నా చవకగా దొరికేది పాసివ్ పద్ధతి. రెండు చిన్న పిన్ను వైర్లు ఇస్తారు, ఒకటి షెడ్డులో, ఒకటి కెమెరా దగ్గర. మామూలు లాన్ కేబుల్లో నాలుగు జతలుంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి నారింజ, ఆకుపచ్చ జతలే చాలు. ఖాళీగా ఉన్న నీలం జతలో ప్లస్, గోధుమరంగు జతలో మైనస్ పంపుతారు. షెడ్డులో 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే అవతల కెమెరా వెలుగుతుంది. ఇరవై, ముప్పై మీటర్ల వరకు నిజంగానే పనిచేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. క్యాట్-5ఈ కేబుల్లో ఒక్కో తీగ 100 మీటర్లకు దాదాపు 9 ఓములు అడ్డం పడుతుంది. పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు కలిపినా రానూపోనూ మొత్తం మళ్లీ 100 మీటర్లకు 9 ఓములే. అంటే 60 మీటర్లకు 5.4 ఓములు. అర యాంపియర్ పారితే 2.7 వోల్టులు దారిలోనే పోతాయి, కెమెరాకు 9.3 మిగలాలి. కానీ అక్కడితో ఆగదు. కెమెరాకు 6 వాట్లు కావాలి కాబట్టి వోల్టేజి తగ్గేకొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే వైరులో ఇంకా పోతుంది. ఈ లాగుళ్లన్నీ సర్దుకునేసరికి కెమెరా దగ్గర మిగిలేది 8 వోల్టుల లోపే. దూరం 67 మీటర్లు దాటితే ఆ వైరులో 6 వాట్లు అటు చేర్చడం లెక్క ప్రకారమే కుదరదు, ఎంత మంచి అడాప్టర్ పెట్టినా అంతే. కాలువ చివరి కయ్యకు నీళ్లందనట్టే.

అందుకే ‘పగలు శుభ్రంగా వస్తా ఉందన్నా, చీకటి పడితే బొమ్మ పోతా ఉంది’ అనే మాట ఎక్కువగా వినబడుతుంది. కెమెరా మార్చినా, రికార్డర్ మార్చినా అది పోదు. సాయంత్రం ఐఆర్ వెలుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వోల్టేజి పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది, ఐఆర్ వెలగ్గానే మళ్లీ ఆగుతుంది. అడాప్టర్‌ను 15 వోల్టులది పెట్టేసి బయటపడే వాళ్లున్నారు. పగలు లోడు తగ్గినప్పుడు ఆ 15లో చాలా భాగం కెమెరాకే చేరుతుంది. కొన్నాళ్లకు అదీ పోతుంది.

వంద మీటర్ల లోపు: అసలు పీఓఈ

అదే 6 వాట్లను 48 వోల్టుల మీద పంపితే పారేది 0.125 యాంపియర్. 90 మీటర్ల దారిలో పోయేది ఒక్క వోల్టు. ఒకే వైరు, ఒకే రాగి, వోల్టేజి ఒక్కటే మారింది. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్, అంటే లాన్ కేబుల్లోనే డేటాతో పాటు కరెంటు పంపడం) అంతా ఈ ఉపాయం మీదే నిలబడింది.

ఇందులో ప్రమాణాలున్నాయి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రకారం స్విచ్ (కెమెరాల వైర్లన్నీ షెడ్డులో వచ్చి కలిసే నెట్‌వర్క్ డబ్బా) ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, అవతలి పరికరానికి 12.95 చేరతాయని హామీ. 2009 నాటి 802.3ఏటీలో 30 వాట్లు, అవతల 25.5. 2018లో వచ్చిన 802.3బీటీలో 90 వాట్ల దాకా ఉంది. గట్టు మీద మామూలు కెమెరాకు మొదటిదే ఎక్కువ. తిరిగే కెమెరాకు, హీటరో పెద్ద లైటో ఉన్నదానికి రెండోది చూడండి. మూడోదానితో మనకు పనిలేదు.

ప్రమాణం పాటించే పీఓఈ స్విచ్‌లో నాకు నచ్చేది, అది అడగకుండా కరెంటు పెట్టదు. ముందు 10 వోల్టుల లోపు చిన్న వోల్టేజి పంపి, అవతల 25 కిలో ఓముల గుర్తు ఉందా అని చూస్తుంది. ఉంటేనే 48 వోల్టులు వదులుతుంది. మీ ల్యాప్‌టాప్ గుచ్చినా, పాత రౌటర్ గుచ్చినా దానికేమీ కాదు. పాసివ్ ఇంజెక్టర్‌కు (షెడ్డు వైపు వైరులోకి కరెంటు ఎక్కించే ముక్క) ఈ అడగడం లేదు, ఏది గుచ్చినా నేరుగా పెట్టేస్తుంది. పాసివ్ వాటిలో 24 వోల్టులవి, 48 వోల్టులవి కూడా ఉంటాయి. వైర్‌లెస్ రేడియోలు కొన్నింటికి కంపెనీయే 24 వోల్టుల పాసివ్ ఇస్తుంది. అది ఆ రేడియోకే వాడండి, పక్కనున్న మామూలు పోర్టులో మాత్రం గుచ్చకండి.

కాబట్టి దూరం 90 మీటర్ల లోపుంటే మరో ఆలోచన వద్దు, ఏఎఫ్ లేదా ఏటీ రాసి ఉన్న పీఓఈ స్విచ్, పీఓఈ కెమెరా తీసుకోండి. ఇప్పటికే 12 వోల్టుల కెమెరా ఉంటే పారేయక్కర్లేదు, దాని దగ్గర 48ని 12కి దించే పీఓఈ స్ప్లిటర్ పెట్టండి. స్విచ్ కొనేటప్పుడు ఎన్ని పోర్టులని కాదు, మొత్తం ఎన్ని వాట్లిస్తుందని అడగండి. ఎనిమిది పోర్టులుండి అడాప్టర్ 60 వాట్లదైతే ఎనిమిదింటికీ 15 వాట్లు రావు.

దీనివల్ల వచ్చే అసలు లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. గట్టు మీద ఎక్కడా అడాప్టర్ ఉండదు, స్విచ్ ఒక్కదానికి బ్యాకప్ ఇస్తే చాలు. నాలుగు కెమెరాలు, స్విచ్, రికార్డర్ కలిసి 45 వాట్లనుకుంటే షెడ్డులో ఉన్న 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ రాత్రంతా లాగుతుంది. ఏరేటర్లు ఆగిన రాత్రి కెమెరా కూడా ఆగిపోతే అది ఉండి ఏం లాభం?

పాత అనలాగ్ కెమెరాల సంగతి

ఊళ్లో ఇళ్లకు, దుకాణాలకు వేసే 3+1 వైరు గుర్తుండే ఉంటుంది. మధ్యలో బొమ్మ మోసే కోయాక్స్ తీగ, పక్కన మూడు సన్న తీగలు, 90 మీటర్ల బండిల్. అందులో డేటాకు, కరెంటుకు తీగలు వేరైనా తొడుగు ఒకటే. బొమ్మ దూరం బాగానే వస్తుంది, చచ్చేది కరెంటే, పైన చెప్పిన 12 వోల్టుల లెక్కే దానికీ. ఆ సన్న తీగలు లాన్ తీగల కన్నా నాసిగా ఉండేవే ఎక్కువ. పాతది ఉంటే 40 మీటర్ల లోపు వాడుకోండి, కొత్తగా గట్టు మీద వేయొద్దు.

వంద మీటర్లు దాటితే

లాన్ కేబుల్లో డేటాకు ప్రమాణం ఇచ్చే హద్దు వంద మీటర్లే. రెండెకరాల గుంట చుట్టూ తిరిగితేనే వంద దాటేస్తుంది, కాబట్టి చాలామందికి అసలు ప్రశ్న ఇదే.

కొన్ని పీఓఈ స్విచ్‌ల మీద ‘ఎక్స్‌టెండ్’ అనో ‘250 మీ’ అనో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వేగం 10 ఎంబీపీఎస్‌కు దిగుతుంది, సిగ్నల్ దూరం పోతుంది. ఒక కెమెరాకు 10 చాలు. అయితే ఇది ప్రమాణంలో ఉన్నది కాదు, మంచి రాగి కేబుల్ అయితేనే నిలబడుతుంది. 150 మీటర్ల దాకా నేను ఒప్పుకుంటాను. ఆపైన దారి మధ్యలో పీఓఈ ఎక్స్‌టెండర్ పెట్టొచ్చు, అది వచ్చే కరెంటుతోనే బతికి సిగ్నల్‌ను మళ్లీ కొత్తగా పంపుతుంది. కానీ గట్టు మధ్యలో ఒక డబ్బా, రెండు జాయింట్లు, ఉప్పుగాలి. ఏది ముందు పోతుందో చెప్పనక్కర్లేదు.

200 దాటితే ఒకే వైరు అన్న పట్టుదల వదిలేయడమే మంచిది. డేటాకు ఫైబర్, లేదా గాలిలో రేడియో లింకు. కరెంటు ఆ చివర ఉన్న ఏరేటర్ స్టార్టర్ బోర్డు నుంచే తీసుకోండి, ఎలాగూ అక్కడిదాకా లైను పోయి ఉంటుంది. ఫైబర్‌లో పారేది వెలుతురు కాబట్టి మెరుపు దెబ్బ, రెండు షెడ్ల ఎర్తుల మధ్య తేడా దాన్ని తాకవు. ఒక్కటి, చుట్టూ ఉక్కు తీగలున్న ఆర్మర్డ్ ఫైబర్ అయితే ఆ ఉక్కును రెండు వైపులా పరికరాల దగ్గరిదాకా రానివ్వకుండా కోసేయాలి, లేకపోతే మెరుపుకు మనమే దారి వేసినట్టు. రేడియో అయితే మధ్యలో సరుగుడు తోట అడ్డం లేకుండా చూసుకోండి. ఈ ఏడాది తలలోతున్న తోట మూడేళ్లకు స్తంభాన్ని దాటేస్తుంది.

ఒకే జత తీగల మీద వెయ్యి మీటర్లు పోయే ఈథర్నెట్ ప్రమాణం కూడా 2019లో వచ్చింది, పేరు 10బేస్-టీ1ఎల్. కరెంటు కూడా అదే జతలో పంపొచ్చు. ఇది ఫ్యాక్టరీల కోసం పుట్టింది. గట్టు కెమెరా కోసం మన బజారులో వెతుక్కోకండి.

సెన్సర్లకు వేరే దారి

ఆక్సిజన్, పీహెచ్, ఉప్పుశాతం కొలిచే సెన్సర్లు నిమిషానికి నాలుగు అంకెలు పంపితే చాలు. వాటికి ఈథర్నెట్ అక్కర్లేదు. ఇక్కడ పాత పద్ధతులే గట్టివి.

మొదటిది ఆర్‌ఎస్-485, అంకెల్ని ఒక జత తీగల మీద దూరం పంపే పద్ధతి. నాలుగు తీగల షీల్డ్ కేబుల్, రెండు తీగల్లో కరెంటు, మెలితిప్పిన జతలో డేటా. 1200 మీటర్ల వరకు పోతుంది, మామూలుగా ఒకే లైను మీద 32 పరికరాలు తగిలించొచ్చు. 0.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 300 మీటర్లు లాగారనుకోండి, రానూపోనూ దాదాపు 22 ఓములు. సెన్సర్ 50 మిల్లీయాంపియర్లు తీసుకుంటే దారిలో పోయేది 1.1 వోల్టులు. షెడ్డులో 24 వోల్టులు పెడితే అది లెక్కలోకే రాదు. సెన్సర్ 24 తట్టుకుంటుందో లేదో లేబుల్ చూసుకోండి.

దీంట్లో రెండు చోట్ల జారతారు. లైను ఒక సెన్సర్ నుంచి ఇంకో సెన్సర్‌కు వరసగా పోవాలి. షెడ్డు నుంచి ప్రతి గుంటకూ విడివిడిగా కొమ్మల్లా లాగితే సిగ్నల్ వెనక్కి కొట్టి అంకెలు తప్పుతాయి. లైను రెండు చివరల మాత్రమే 120 ఓముల రెసిస్టర్ పెట్టాలి, మధ్యలో ఎక్కడా వద్దు. ఇక రెండోది, డేటాకు రెండు తీగలు చాలంటారు గానీ రెండు వైపులకూ ఉమ్మడి మైనస్ ఉండాలి. ఇక్కడ కరెంటు మైనసే ఆ పని చేస్తుంది. అదే తీగలో ఎక్కువ కరెంటు పారితే అటు వైపు సున్నా వోల్టుల మట్టం పైకి లేస్తుంది. ఆ తేడాను ఆర్‌ఎస్-485 ఏడు వోల్టుల దాకా ఓర్చుకుంటుంది కాబట్టి సెన్సర్ వరకు ఇబ్బంది లేదు. ఆ కేబుల్‌కే ఒక లైటో, సైరనో తగిలించారంటే అది మోగినప్పుడల్లా రీడింగులు పోతాయి.

రెండోది 4–20 మిల్లీయాంపియర్ లూపు. నీటి మట్టం, ప్రెషర్ లాంటి ఒక్క అంకెకు ఇంతకన్నా సులువైనది లేదు. రెండే తీగలు. సెన్సర్ అందులోంచే బతుకుతుంది, తాను లాగే కరెంటునే అంకెగా చెబుతుంది. కరెంటు లూపంతా ఒకటే కాబట్టి వైరు పొడవు రీడింగును మార్చదు. కిందికి 4 అని పెట్టడంలోనే తెలివంతా ఉంది: ట్యాంకు ఖాళీ అయితే 4 చూపిస్తుంది, వైరు తెగితే సున్నా చూపిస్తుంది. తెగిన వైరును ఖాళీ ట్యాంకనుకుని మోటారు వేసే ప్రమాదం తప్పుతుంది.

ఇంటి కరెంటు లైన్ల మీదే డేటా

పవర్‌లైన్ అడాప్టర్లని ఉంటాయి. రెండు సాకెట్లలో రెండు గుచ్చితే 230 వోల్టుల లైన్ల మీదే మెగాహెర్ట్జ్‌ల్లో డేటా నడుస్తుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో మేడ మీది గదికి వైఫై అందకపోతే, రెండు సాకెట్లూ ఒకే ఫేజ్ మీద ఉంటే, పరవాలేదు. స్టెబిలైజర్‌లోనో యూపీఎస్‌లోనో గుచ్చితే అవి సిగ్నల్‌ను మింగేస్తాయి, నేరుగా గోడ సాకెట్లోనే పెట్టండి. గుంటల దగ్గర మాత్రం వద్దు. మూడు ఫేజులు, స్టార్టర్లు, ఏరేటర్ మోటార్లు, ఎక్కడైనా మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉంటే దాని రొద. ఏరేటర్లు ఆపి చూపించి అమ్మితే బాగానే కనిపిస్తుంది.

దీనికి తిరగేసిన పని ఇంకొకటి చూస్తుంటాం: లాన్ కేబుల్లో మిగిలిన తీగల్లో 230 వోల్టులు పంపడం. ఎవరు చెప్పినా చేయనివ్వకండి. ఆ తొడుగు అంత వోల్టేజికి తయారైంది కాదు. గట్టు తడిగా ఉంటుంది, పనివాళ్లు చెప్పులు లేకుండా నీళ్లలో దిగి ఉంటారు.

కేబుల్ కొనేటప్పుడు

రాగి పూసిన అల్యూమినియం తీగను రాగి ధరకు అంటగట్టడం బాగా జరుగుతోంది. దాని నిరోధం రాగి కన్నా ఒకటిన్నర రెట్ల పైమాటే, పైన వేసిన లెక్కలన్నీ తారుమారవుతాయి. బ్లేడుతో తీగను గీకండి, లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. మల్టీమీటర్ ఉంటే ఇంకా నమ్మకం: 305 మీటర్ల డబ్బా రెండు కొసలూ దొరికితే, ఒక కొసన నీలం, తెల్లనీలం తీగలు కలిపి మెలేసి రెండో కొసన ఓములు చూడండి. క్యాట్-5ఈ రాగికి 50–57 మధ్య రావాలి, క్యాట్-6 తీగ లావు కాబట్టి ఇంకా తక్కువ. 80 చూపిస్తే డబ్బా మీద ఏం రాసున్నా అది రాగి కాదు. తొడుగు నల్లటి బయటి రకమే తీసుకోండి, బూడిదరంగు ఇంటి కేబుల్ మన ఎండలకు పగులుతుంది.

లాగేటప్పుడు, బిగించేటప్పుడు

నల్ల హెచ్‌డీపీఈ పైపులో వేసి పూడ్చండి, పందికొక్కులు, పీతలు ఊరుకోవు. ఏరేటర్ కేబుల్‌కు కనీసం అడుగు దూరం. దాటాల్సి వస్తే అడ్డంగా, నేరుగా దాటాలి, పక్కపక్కనే వెంట పోకూడదు. గట్టుకు లోపలి వైపు కాకుండా బయటి వైపు పూడ్చండి. పట్టుబడి అయ్యాక గుంట ఎండగట్టి పొక్లెయిన్‌తో గట్టు సరిచేసేటప్పుడు తెగేది లోపలి వైపు వైరే.

కనెక్టర్ల సంగతి కాస్త ఓపిగ్గా చూడండి. సముద్రపు గాలికి ఏ లోహమైనా పాడవుతుంది గానీ, డీసీ కరెంటున్న పిన్నుల్లోకి ఉప్పు తేమ చేరితే ప్లస్ వైపు పిన్ను కరిగిపోతూ ఉంటుంది. పాసివ్ లైను ప్లగ్గు విప్పి చూస్తే నీలం జత పిన్నుల దగ్గర ఆకుపచ్చ పొడి, మిగతావి బంగారు రంగులోనే ఉంటాయి. ప్లగ్గులో కనెక్టర్ గ్రీజు పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, వైరు కింది నుంచి వచ్చేలా బిగించండి. డబ్బాకు ముందు వైరును కాస్త కిందికి వేలాడేలా వంపు వదిలితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

వేసవి సాయంత్రం ఉరుములు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు. ఆరుబయట ఉన్న ప్రతి పీఓఈ లైనుకూ రెండు చివరలా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి ఎర్తుకు కలపండి. ఎర్తు లేకుండా పెట్టిన సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. నేరుగా స్తంభం మీద పడ్డ పిడుగును ఏదీ ఆపదు. ఇవి దూరాన పడ్డ మెరుపుల వల్ల వైరులో పుట్టే దెబ్బకే.

పరీక్ష రాత్రే చేయాలి

వైరింగ్ అయ్యాక పగలు బొమ్మ చూసి డబ్బులిచ్చి పంపేయకండి. చీకటి పడ్డాక, అన్ని కెమెరాల ఐఆర్ వెలిగి ఉండగా, ఏరేటర్లన్నీ ఒక్కొక్కటే వేయించండి, ఆపించండి. బొమ్మ కదలకుండా, సెన్సర్ అంకెలు ఎగరకుండా ఉండాలి. స్ప్లిటర్ ఉన్నచోట కెమెరా దగ్గర మల్టీమీటర్ పెట్టి 11.5 వోల్టుల కన్నా తగ్గలేదని చూడండి. తర్వాత మెయిన్ ఆపి, జనరేటర్ వేసే లోపు కెమెరాలు ఆగకుండా బ్యాకప్ మీద నడుస్తున్నాయా అని చూడండి.

చివరగా ప్రతి వైరుకూ రెండు కొసల్లో ఒకే నంబరు రాసి, పక్కన వోల్టేజి కూడా రాయించండి: 48 పీఓఈ, 24 పాసివ్, 24 సెన్సర్. పాసివ్ ఇంజెక్టర్ మీద ఎర్ర టేపు చుట్టండి. వచ్చే ఏడాది ఇంకో మెకానిక్ వస్తాడు, షెడ్డులో ఖాళీ పోర్టు కనిపిస్తే ముందు తన ల్యాప్‌టాప్ గుచ్చుతాడు.